అమెరికా ఎన్నికలో 269–269 వస్తే: పెన్సిలూ కాగితంతో ఫాలో అవ్వడం ఎలా?

2020 నవంబర్‌లో నాలుగు రోజుల పాటు మా ఇంట్లో టీవీ ఆగలేదు. ఇండియా నుంచి మా బాబాయి రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి, "ఇద్దరికీ సమానంగా వస్తే ఏం చేస్తార్రా? చీటీ తీస్తారా?" అని అడిగేవాడు. ఆయన సందేహం సహజమే. మన పంచాయతీ ఎన్నికల్లో ఓట్లు సమానమైతే చీటీ తీసే తేలుస్తారు. అమెరికా అధ్యక్షుడి విషయంలో చీటీ లేదు. ఉన్న పద్ధతి అంతకంటే విచిత్రం.

ఆయన అడిగింది గాల్లో ప్రశ్న కూడా కాదు. ఆ ఏడాది డెమోక్రాట్ అభ్యర్థి బైడెన్‌కు రిపబ్లికన్ ట్రంప్ మీద వచ్చిన ఆధిక్యం అరిజోనాలో 10,457 ఓట్లు, జార్జియాలో 11,779, విస్కాన్సిన్‌లో 20,682. మూడూ కలిపితే 43 వేల లోపే. అక్కడ అధ్యక్షుణ్ణి తేల్చేది జనం ఓట్ల మొత్తం కాదు, ఒక్కో రాష్ట్రానికి ఇన్ని అని ఉండే ఎలక్టోరల్ ఓట్లు. ఈ మూడు రాష్ట్రాలూ ట్రంప్‌కు వెళ్లి ఉంటే బైడెన్ లెక్క 306 నుంచి 37 తగ్గి 269కి దిగేది, ట్రంప్ 232 నుంచి 269కి ఎక్కేవాడు. అంత దగ్గరికి వచ్చి తప్పిపోయింది.

మళ్లీ అలాంటి రాత్రి వస్తే ఏ రోజు ఏం జరుగుతుందో, మీరు దేన్ని గమనించాలో వరసగా చెబుతాను. ఒక పెన్సిలు, ఒక తెల్ల కాగితం దగ్గర పెట్టుకోండి. పెన్ను వద్దు, చెరిపే పని చాలా ఉంటుంది.

1. ముందు అది నిజంగా టైయేనా, చూసుకోండి

మొత్తం ఎలక్టోరల్ ఓట్లు 538. అక్కడి పార్లమెంటులో దిగువ సభ అయిన ప్రతినిధుల సభ సీట్లు 435, ఎగువ సభ అయిన సెనేట్ సీట్లు 100, రాజధాని వాషింగ్టన్ డీసీకి 3. గెలవాలంటే 270 కావాలి. మొత్తం సరిసంఖ్య కాబట్టే ఈ తలనొప్పి.

టీవీలో కనిపించే ఎరుపు నీలం మ్యాప్ చానెళ్ల అంచనా మాత్రమే. రాష్ట్రాలు అధికారికంగా ధ్రువీకరించేదాకా ఏదీ ఖాయం కాదు. తేడా కొన్ని వందల్లో ఉన్న రాష్ట్రంలో రీకౌంటింగ్, కోర్టు కేసులు తప్పవు. 269–269 అని స్క్రీన్ మీద పడగానే వాట్సాప్‌లో పెట్టకండి.

మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాలను ప్రత్యేకంగా చూడండి. మిగతా చోట్ల రాష్ట్రం గెలిచినవాడికే ఓట్లన్నీ. ఈ రెండు చోట్ల మాత్రం రెండు ఓట్లు రాష్ట్రం మొత్తానికి, మిగతావి నియోజకవర్గానికి ఒకటి చొప్పున. నెబ్రాస్కాలో ఒమాహా నగరం ఉన్న రెండో నియోజకవర్గం తరచూ మిగతా రాష్ట్రానికి ఎదురు తిరుగుతుంది. 2024 సెప్టెంబర్‌లో ఈ పద్ధతి తీసేయాలని రిపబ్లికన్లు గట్టిగా ఒత్తిడి పెట్టారు. రాష్ట్ర సెనేటర్ మైక్ మెక్‌డానల్ ఒప్పుకోకపోవడంతో ఆగిపోయింది. ఎందుకంత పట్టు అంటే, డెమోక్రాట్ అభ్యర్థి హారిస్ మిషిగన్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ గెలిచి మిగతా గట్టి పోటీ రాష్ట్రాలన్నీ ఓడిపోతే ఒమాహాతో కలిపి 270, ఒమాహా లేకపోతే 269. చివరికి ఆమె ఆ మూడూ ఓడిపోయింది, ఒమాహా మాత్రం గెలిచింది. ఆ ఓటు దేనికీ పనికిరాలేదు.

2. అధ్యక్షుడి మ్యాప్ కట్టేసి, ప్రతినిధుల సభ జాబితా తెరవండి

అసలు పని ఇక్కడుంది. జనం ఎక్కువగా పొరబడేది కూడా ఇక్కడే.

ఎవరికీ 270 రాకపోతే రాజ్యాంగం 12వ సవరణ ప్రకారం అధ్యక్షుణ్ణి ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది. ఇది వినగానే, "సభలో ఏ పార్టీకి మెజారిటీ ఉంటే వాళ్లదే కదా" అనిపిస్తుంది. కాదు. ఆ ఓటింగ్‌లో సభ్యుడికి ఓటు లేదు, రాష్ట్రానికి ఉంది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కటే ఓటు. మొత్తం 50, గెలవాలంటే 26. నాలుగు కోట్లకు దగ్గరగా జనం, 52 మంది సభ్యులు ఉన్న కాలిఫోర్నియాకూ ఒకటే, ఆరు లక్షల మంది కూడా లేని వ్యోమింగ్‌కూ ఒకటే. వాషింగ్టన్ డీసీకి ఎలక్టోరల్ ఓట్లున్నా ఇక్కడ ఓటు లేదు.

ఇప్పుడు కాగితం మీద 50 రాష్ట్రాల పేర్లు ఒకదాని కింద ఒకటి రాయండి. పక్కన మూడు గడులు గీయండి: డెమోక్రాట్ సభ్యులెందరు, రిపబ్లికన్ సభ్యులెందరు, ఎవరి చేతిలో ఉంది. సమానంగా ఉంటే మూడో గడిలో అడ్డగీత పెట్టండి. అలాంటి రాష్ట్రం తేల్చుకోలేకపోతే దాని ఓటు ఎవరికీ చేరదు, కానీ గెలవడానికి కావాల్సింది మాత్రం 26 నుంచి తగ్గదు. ఒక్క సీటు తేడాతో ఉన్న రాష్ట్రాల చుట్టూ సున్నా చుట్టండి.

మీ కాగితం ఎంత పనికొస్తుందో 2021 జనవరి చూస్తే తెలుస్తుంది. ఎన్నికల్లో డెమోక్రాట్లు 222 సీట్లతో సభను నిలబెట్టుకున్నారు. రాష్ట్రాల లెక్కలో మాత్రం రిపబ్లికన్ల చేతిలో 27, డెమోక్రాట్ల చేతిలో 20. మిషిగన్, మిన్నెసోటా, పెన్సిల్వేనియా మూడూ సమానం. ఆ ఏడాది టై వచ్చి, అందరూ పార్టీ గీత మీదే నడిచి ఉంటే, డెమోక్రాట్ల మెజారిటీ ఉన్న సభే ట్రంప్‌ను మళ్లీ అధ్యక్షుణ్ణి చేసేది.

మీ జాబితాలో ఆరు రాష్ట్రాలకు ఒక్కొక్క సభ్యుడే ఉంటారు: అలాస్కా, డెలవేర్, నార్త్ డకోటా, సౌత్ డకోటా, వెర్మాంట్, వ్యోమింగ్. అక్కడ రాష్ట్రం అంటే ఆ ఒక్క మనిషే. వాళ్ల పేర్లు కూడా రాసుకోండి, ఎందుకో ఆరో అడుగులో చెబుతాను.

ఇంకొకటి. ఓటు వేసేది పాత సభ కాదు, నవంబర్‌లో గెలిచి జనవరి 3న ప్రమాణం చేసే కొత్త సభ. కాబట్టి మీరు అమెరికా పౌరులైతే, మీ బ్యాలెట్‌లో అధ్యక్షుడి పేరు కింద ఉండే ప్రతినిధి గడిని నింపడం మర్చిపోకండి. వర్జీనియానే తీసుకోండి. యాష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు మనవాళ్లు చాలామంది ఉన్న రాష్ట్రం. 2024లో అక్కడి 11 సీట్లలో డెమోక్రాట్లకు 6, రిపబ్లికన్లకు 5 వచ్చాయి. ఒక్క సీటు అటు మారితే రాష్ట్రం ఓటు మొత్తం మారిపోయే పరిస్థితి. "ప్రతినిధి ఎవరైతే ఏంటిలే" అని ఆ గడి ఖాళీగా వదిలేసేవాళ్లను నేను చూశాను.

3. డిసెంబర్‌లో ఎలక్టర్లను గమనించండి

నవంబర్ టై డిసెంబర్‌లో విడిపోవచ్చు. నవంబర్‌లో జనం ఎన్నుకునేది 538 మంది ఎలక్టర్లనే. వాళ్లు డిసెంబర్ రెండో బుధవారం తర్వాత వచ్చే మంగళవారం తమతమ రాష్ట్రాల్లో కూడి ఓటేస్తారు. 2028 ఎన్నికకైతే అది డిసెంబర్ 19. దానికి ఆరు రోజుల ముందే రాష్ట్రాలు తమ ఎలక్టర్ల పేర్లు ధ్రువీకరించాలి.

269–269 దగ్గర ఒక్క ఎలక్టర్ మనసు మార్చుకున్నా కథ మారిపోతుంది. 2016లో ఏడుగురు మారారు. చాలా రాష్ట్రాల్లో ఇప్పుడు దీనికి అడ్డుకట్ట వేసే చట్టాలున్నాయి. మాట తప్పిన ఎలక్టర్‌ను రాష్ట్రం శిక్షించవచ్చని, తీసేయవచ్చని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. కానీ అన్ని రాష్ట్రాల్లో ఆ చట్టం లేదు. అందుకే ఆ రోజు టెన్షన్ తప్పదు.

ఎలక్టర్ పార్టీ మారకపోయినా మూడో మనిషి పేరు రాస్తే ఏమవుతుంది? ప్రతినిధుల సభ ఎన్నుకోవాల్సింది ఎలక్టోరల్ ఓట్లు ఎక్కువ వచ్చిన మొదటి ముగ్గురిలోంచి. 2016లో వాషింగ్టన్ రాష్ట్రం ఎలక్టర్లు ముగ్గురు, పోటీలోనే లేని కోలిన్ పావెల్ పేరు రాశారు. మూడే మూడు ఓట్లతో ఆయన జాబితాలో మూడో స్థానంలోకి వచ్చాడు. ట్రంప్‌కు 304 వచ్చాయి కాబట్టి అది పత్రికల్లో ఒక మూలకు పోయింది. అదే టై సంవత్సరమైతే పావెల్ పేరు సభ ముందుకు వెళ్లేది.

4. జనవరి 3: స్పీకర్ ఎన్నికయ్యారా?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. స్పీకర్ ఎన్నిక అయ్యాకే మిగతా సభ్యులు ప్రమాణం చేస్తారు. 2023లో కెవిన్ మెకార్తీ స్పీకర్ కావడానికి 15 సార్లు ఓటింగ్ జరిగింది, జనవరి 7 అర్ధరాత్రి దాటాక గానీ తేలలేదు. జనవరి 6న అక్కడ ప్రమాణం చేసిన సభ్యుడు ఒక్కడు కూడా లేడు. టై వచ్చిన ఏడాది ఇలా జరిగితే తర్వాతి అడుగే పడదు. కాబట్టి ఆ సాయంత్రం స్పీకర్ పేరు వినేదాకా పడుకోకండి.

5. జనవరి 6: పెట్టెలు తెరిచే రోజు

మధ్యాహ్నం ఒంటి గంటకు ఉభయ సభలూ కలిసి కూర్చుంటాయి. అంటే ఇండియాలో రాత్రి పదకొండున్నర. అలబామాతో మొదలుపెట్టి అక్షర క్రమంలో ఒక్కో రాష్ట్రం పత్రం తీసి చదువుతారు. ఈ పత్రాలు చెక్క పెట్టెల్లో వస్తాయి. 2021లో గుంపు క్యాపిటల్ భవనంలోకి చొరబడినప్పుడు సెనేట్ సిబ్బంది ప్రాణభయంలో కూడా వదలకుండా పట్టుకెళ్లినవి ఆ పెట్టెలే.

2022లో చట్టం మార్చారు. ఉపాధ్యక్షుడి పని కవర్లు విప్పడం, క్రమం తప్పకుండా చూడడం వరకేనని, ఏ ఓటూ పక్కన పెట్టే అధికారం లేదని స్పష్టంగా రాశారు. అభ్యంతరం లేవనెత్తాలంటే ఇప్పుడు రెండు సభల్లోనూ ఐదో వంతు సభ్యుల సంతకాలు కావాలి. ఇదివరకు ఒక్కో సభ నుంచి ఒక్కరు చాలు.

చివర్లో, ఎవరికీ మెజారిటీ రాలేదని ప్రకటిస్తారు. 12వ సవరణలో ఉన్న మాట "వెంటనే" అని. సెనేటర్లు లేచి తమ సభకు వెళతారు, ప్రతినిధులు అక్కడే ఉండి ఓటింగ్ మొదలుపెడతారు. మీ కాగితం బయటికి తీయండి.

6. సభలో ఓటింగ్: తెల్ల చీటీల మీద కన్నేయండి

ఓటింగ్ మొదలు కావాలంటే కనీసం 34 రాష్ట్రాల నుంచి ఒక్కో సభ్యుడైనా హాజరు కావాలి. ఒక్కో రాష్ట్రం సభ్యులు ముందు తమలో తాము ఓటేసుకుంటారు, ఎక్కువమంది ఎటుంటే రాష్ట్రం ఓటు అటు. ఇది 1825 నాటి నిబంధనల్లో ఉన్న పద్ధతి. ఇప్పటి సభ తన నిబంధనలు తానే మళ్లీ రాసుకోవచ్చు. దానికి మామూలు మెజారిటీ చాలు. రాష్ట్రాల లెక్క ఒక పార్టీది, నిబంధనలు రాసే మెజారిటీ ఇంకో పార్టీది అయితే అసలు గొడవ అక్కడే మొదలవుతుంది.

ఇలాంటి ఓటింగ్ ఇప్పటికి రెండుసార్లే జరిగింది. రెండూ తెలుసుకుంటే, మూడోది వచ్చినప్పుడు ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

మొదటిది 1801. అప్పట్లో ఎలక్టర్లు అధ్యక్షుడికి, ఉపాధ్యక్షుడికి విడివిడిగా ఓటు వేసేవాళ్లు కాదు. ఒక్కొక్కరు రెండు పేర్లు రాసేవాళ్లు, ఎక్కువ వచ్చినవాడు అధ్యక్షుడు. జెఫర్సన్ అధ్యక్షుడు, ఆరన్ బర్ ఉపాధ్యక్షుడు అని పార్టీ అనుకుంది. అది జరగాలంటే ఎవరో ఒక ఎలక్టర్ బర్ పేరు రాయడం మానాలి. రాజుగారి గంగాళంలో పాలు పోయమంటే అందరూ నీళ్లు పోసిన కథ గుర్తుందా? ఇంకెవరో మానేస్తారులే అని ఎవరూ మానలేదు. ఇద్దరికీ చెరి 73. బర్ పక్కకు తప్పుకుంటాడనుకుంటే తప్పుకోలేదు.

అప్పుడున్నవి 16 రాష్ట్రాలు, కావాల్సింది 9. ఫిబ్రవరి 11న మొదటి ఓటింగ్: జెఫర్సన్‌కు 8, బర్‌కు 6, రెండు రాష్ట్రాలు సమానం. మళ్లీ ఓటు వేశారు, మళ్లీ అంతే. రాత్రంతా వేశారు. మేరీలాండ్‌లో సభ్యులు నలుగురు అటు, నలుగురు ఇటు. జెఫర్సన్ పక్షంలోని జోసెఫ్ నికల్సన్‌కు తీవ్రమైన జ్వరం. ఆయన రాకపోతే మేరీలాండ్ బర్‌కు వెళ్లిపోతుంది. మంచు కురుస్తుంటే ఆయన్ను మంచం మీద మోసుకొచ్చి, సభ పక్క గదిలో పడుకోబెట్టారు. భార్య పక్కనే ఉండి చూసుకుంటుంటే, ప్రతిసారీ లేచి చీటీ మీద పేరు రాసి పంపేవాడు.

35 సార్లు అదే ఫలితం. డెలవేర్‌కు ఉన్న ఒకే ఒక్క సభ్యుడు, జెఫర్సన్‌ను ఆపడానికి బర్‌కు ఓటేస్తూ వచ్చిన ప్రత్యర్థి పార్టీ మనిషి జేమ్స్ బేయార్డ్ చివరికి దిగొచ్చాడు. ఫిబ్రవరి 17న, 36వ సారి, ఆయన జెఫర్సన్‌కు ఓటు వేయలేదు, తెల్ల చీటీ ఇచ్చాడు. మేరీలాండ్, వెర్మాంట్‌లలో ఆయన పార్టీవాళ్లు కూడా అలాగే ఊరుకున్నారు. సమానంగా ఉన్న ఆ రెండూ జెఫర్సన్ వైపు ఒరిగాయి. 10 రాష్ట్రాలతో ఆయన గెలిచాడు. పార్టీ మారకుండా, మాట పడకుండా ఫలితం మార్చేశారు. అందుకే ఒక్క సభ్యుడున్న రాష్ట్రాల పేర్లు రాసుకోమన్నాను. అడ్డగీత పెట్టిన రాష్ట్రాల్లో ఎవరు ఓటేయకుండా కూర్చుంటారో చూడమనేది కూడా అందుకే.

ఈ అనుభవం తర్వాతే 1804లో 12వ సవరణ వచ్చి రెండు పదవులకూ ఓటు విడదీసింది.

రెండోసారి 1825. అది టై కాదు, నలుగురి మధ్య ఓట్లు చీలి ఎవరికీ మెజారిటీ రాలేదు. జాక్సన్‌కు 99, ఆడమ్స్‌కు 84, క్రాఫర్డ్‌కు 41, హెన్రీ క్లేకు 37. మొదటి ముగ్గురికే అవకాశం కాబట్టి క్లే పోటీలో లేకుండా పోయాడు, కానీ సభకు స్పీకర్ ఆయనే. తన బలం ఆడమ్స్ వైపు తిప్పాడు. ఆయన సొంత రాష్ట్రం కెంటకీలో ఆడమ్స్‌కు జనం ఓట్లు దాదాపు సున్నా, జాక్సన్‌కే వేయమని అక్కడి శాసనసభ తీర్మానం కూడా చేసింది. అయినా కెంటకీ ఓటు ఆడమ్స్‌కే పడింది. మొదటి విడతలోనే 24 రాష్ట్రాల్లో 13 తెచ్చుకుని ఆడమ్స్ అధ్యక్షుడయ్యాడు. క్లేను విదేశాంగ మంత్రిని చేశాడు. జాక్సన్ మనుషులు నాలుగేళ్లపాటు దాన్ని కుళ్లు బేరమని తిడుతూనే ఉన్నారు, 1828లో జాక్సన్ గెలిచాడు.

మీ రాష్ట్రంలో జనం ఎవరికి వేశారన్నదానికి మీ ప్రతినిధులు కట్టుబడి ఉండాలని రాజ్యాంగంలో లేదు. కాబట్టి అక్కడ ఉండేవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది: మీ జిప్‌కోడ్‌తో ప్రతినిధి ఎవరో వెతికి, వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి, "ఎలా వేస్తారు, రాష్ట్రం ఫలితం చూసా, నియోజకవర్గం ఫలితం చూసా, పార్టీ చూసా?" అని అడగండి. మీరు చెప్పింది ఫోన్ తీసినవాళ్లు రాసుకుంటారు.

7. సెనేట్ వైపు ఒక కన్ను

ఉపాధ్యక్షుణ్ణి సెనేట్ ఎన్నుకుంటుంది. ఇక్కడ లెక్క సులువు: సెనేటర్‌కు ఒక ఓటు, పోటీలో మొదటి ఇద్దరే, కావాల్సింది 51. 67 మంది హాజరు ఉండాలి, అంటే 34 మంది రాకుండా కూర్చుంటే పని ఆగిపోతుంది. 50–50 వస్తే అప్పటి ఉపాధ్యక్షుడు తన ఓటుతో తేల్చవచ్చా అన్నదాని మీద న్యాయనిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు.

సెనేట్ దీన్ని ఒక్కసారే చేసింది. 1837లో వర్జీనియా ఎలక్టర్లు రిచర్డ్ జాన్సన్‌కు ఓటు వేయబోమని మొండికేయడంతో ఆయనకు ఒక్క ఓటు తక్కువైంది. సెనేట్ 33–16తో ఆయన్నే ఎన్నుకుంది.

అధ్యక్షుడు ఒక పార్టీ, ఉపాధ్యక్షుడు ఇంకో పార్టీ కావచ్చా? కావచ్చు. ప్రతినిధుల సభలో రాష్ట్రాల లెక్క ఒక పార్టీది, సెనేట్ ఇంకో పార్టీది అయితే అదే జరగవచ్చు.

8. జనవరి 20, మధ్యాహ్నం 12 గంటలు

ఇండియాలో రాత్రి పదిన్నర. ఆ నిమిషంతో పాత అధ్యక్షుడి పదవీకాలం అయిపోతుంది. తేలలేదు కదా, ఇంకో వారం ఉంటానంటే కుదరదు. అప్పటికి మూడు పరిస్థితుల్లో ఏదో ఒకటి ఉంటుంది.

సభలో ఎవరికైనా 26 వచ్చి ఉంటే వాళ్లు ప్రమాణం చేస్తారు. సభ తేల్చలేక, సెనేట్ ఉపాధ్యక్షుణ్ణి ఎన్నుకుని ఉంటే, ఆ ఉపాధ్యక్షుడే తాత్కాలికంగా అధ్యక్షుడి పని చేస్తారు. రెండూ కాకపోతే 1947 నాటి చట్టం ప్రకారం స్పీకర్ వంతు. కానీ ఆ కుర్చీ ఎక్కాలంటే స్పీకర్ పదవికీ సభ్యత్వానికీ రాజీనామా చేయాలి. ఎన్నాళ్లుంటుందో తెలియని ఉద్యోగం కోసం ఉన్న ఉద్యోగం వదులుకోవడం. వద్దంటే సెనేట్ తాత్కాలిక సభాపతికి వెళుతుంది, ఆ తర్వాత మంత్రులకు.

ఆ వారాల్లో మీ ఇంట్లో అడిగే ప్రశ్న వీసాల గురించే అయి ఉంటుంది. జనవరి 20 మధ్యాహ్నం వరకు పాత అధ్యక్షుడే అధికారంలో ఉంటాడు. ఆ తర్వాత తాత్కాలికంగా కూర్చున్నవాళ్లకు కూడా ఉత్తర్వుల మీద సంతకం పెట్టే పూర్తి అధికారం ఉంటుంది. స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్లు టై వచ్చిందని రద్దు చేసుకోకండి.

తాత్కాలిక అధ్యక్షుడు వచ్చాడు కదా అని కాగితం పారేయకండి. ప్రతినిధుల సభ ఓటు వేస్తూనే ఉండవచ్చు. మీ జాబితాలో అడ్డగీత ఉన్న రాష్ట్రాల్లో ఒకటి రెండు ఒరిగి లెక్క 26కి చేరిన రోజు, అది ఫిబ్రవరి అయినా జూన్ అయినా, తాత్కాలికంగా ఉన్నవాళ్లు లేచి కుర్చీ ఇవ్వాలి.